రెండో భాగం ఎందుకు తేలిపోయింది? సమస్య – పరిష్కారం

కర్నూలులో మా మేనల్లుడు స్నేహితులతో కలిసి గూఢచారుల మీద ఒక హాస్య లఘుచిత్రం తీశాడు. కొండారెడ్డి బురుజు దగ్గర ఉగ్గాని బండి, పొట్లం కట్టిన కాగితంలో రహస్య సందేశం. నిడివి 9 నిమిషాలు. చూసినవాళ్లు పడీపడీ నవ్వారు. రెండో భాగానికి ఓర్వకల్లు రాళ్ల మధ్యకు వెళ్లి, డ్రోన్ అద్దెకు తెచ్చి, 22 నిమిషాలు తీశారు. ఎవరూ నవ్వలేదు. "లోపం ఎక్కడుంది మామా?" అని అడిగాడు. వాడికి చూపించడానికే బ్రిటిష్ గూఢచారుల మీద తీసిన హాస్య, పోరాట చిత్రం కింగ్స్‌మన్ రెండు భాగాలనూ మళ్లీ వరసగా వేశాను. 2017లో వచ్చిన రెండోది మొదటిదాన్ని అందుకోలేదన్నదే నా మాట. దర్శకుడు మాథ్యూ వాన్ మారలేదు, రచయితలూ మారలేదు. నిడివి 129 నిమిషాల నుంచి 141కి పెరిగింది, అంతే. రోగం మరోచోట ఉంది.

సమస్య: పోరాటాలు పెద్దవయ్యాయి, భయం పోయింది.

కారణం: చావుకు విలువ లేకుండా పోయింది. మొదటి భాగంలో చర్చి బయట గూఢచారి హ్యారీ తలకు గుండు తగిలినప్పుడు మనకు ఊపిరాడదు. గురువు పోయాడు, ఇక కుర్రవాడు ఎగ్సీ ఒక్కడే. రెండో భాగంలో ఆ హ్యారీని ఏదో జెల్ పూసి బతికించారు. తర్వాత విస్కీ అనే అమెరికన్ గూఢచారి తలకు గుండు తగిలితే మళ్లీ అదే జెల్. హ్యారీ, ఎగ్సీల సహచరుడు మెర్లిన్ పాట పాడుతూ మందుపాతర మీద ప్రాణం వదిలే ఘట్టం నిజంగా గొప్పది. కానీ అప్పటికే మన మనసు "ఇతన్నీ లేపుతారేమో" అనుకుంటోంది. ఆ ఒక్క అనుమానం కన్నీటిని ఆపేస్తుంది.

పరిష్కారం: పోయినవాణ్ని పోనివ్వాలి. తిరిగి తెచ్చి తీరాలంటే ఏదో ఒకటి పోగొట్టుకున్నవాడిగానే తేవాలి. అది ఎలాగో ఆ చిత్రమే ఒకచోట చూపించింది. మొదటి భాగంలో హ్యారీ "మర్యాదే మనిషిని మనిషిగా చేస్తుంది" అంటూ పబ్బు తలుపు గడియలు ఒక్కొక్కటే వేసి, గొడుగు పిడితో గాజు మగ్గును లేపి రౌడీ ముఖానికి కొడతాడు. రెండో భాగంలో అదే మాట, అదే గొడుగు. కానీ ఒక కన్ను పోయింది, గురి తప్పింది. నాకు ఆ చిత్రంలో అన్నిటికన్నా నచ్చిన క్షణం అదే. వెంటనే విస్కీ తాడు తీస్తాడు, పోరాటం అతని చేతికి వెళ్లిపోతుంది. అక్కడ ఇంకాసేపు ఆగి ఉంటే ఎంత బాగుండేది!

సమస్య: ప్రతినాయకి గుర్తుండదు.

కారణం: జూలియన్ మూర్ నటనలో లోటేమీ లేదు. ఆమె అడవిలో ఉంటుంది, నాయకుడు మరెక్కడో ఉంటాడు, చివరిదాకా ఎదురుపడరు. మొదటి భాగంలో ప్రతినాయకుడు వాలెంటైన్, హ్యారీ ఒకే బల్ల దగ్గర బర్గర్లు తింటారు. ఇద్దరికీ ఎదుటివాడెవరో తెలుసు.

పరిష్కారం: సగం కథ గడవకముందే ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టాలి.

మా వాడి చిత్రంలోనూ ఇవే రెండు లోపాలు. బండి తాత మొదటి భాగంలో ప్రాణమిచ్చాడు, రెండోదానిలో "కవల సోదరుడు" అంటూ మళ్లీ వచ్చాడు. శత్రువు ఫోనులో గొంతు మాత్రమే. ఇప్పుడు కవలను తీసేశాడు. శత్రువే బండి దగ్గరికొచ్చి ఉగ్గాని, బజ్జీ అడుగుతాడు. పొట్లం కట్టాల్సింది కుర్రవాడు. తాత ఒంటి చేత్తో వేసే ముడి వాడికి రెండు చేతులతోనూ పడదు, దారం జారిపోతుంది, సందేశమున్న కాగితం శత్రువు కళ్లముందే విచ్చుకుంటుంది.