మన కథకి ఆన్‌లైన్‌లో పాఠకుల్ని కూడగట్టుకోవడం ఎలా

తిరుపతి బాలాజీ కాలనీలో ఒక డీటీపీ షాపులో పని చేస్తాను. పగలంతా యూనివర్సిటీ పిల్లల థీసిస్‌లు, పెళ్ళి పత్రికలు టైపు చేస్తాను, రాత్రిళ్ళు కథలు రాస్తాను. మాది పూతలపట్టు దగ్గర పల్లె. నా కథలన్నీ అక్కడివే: మామిడి తోటలు, చెరకు గానుగలు, బెల్లం వంట. షాపుకి వచ్చేవాళ్ళలో రాసేవాళ్ళు కూడా చాలామందే ఉంటారు. "అక్కా, మీకు ఇంతమంది చదివేవాళ్ళు ఎట్లా వచ్చినారు?" అని అడుగుతుంటారు. కౌంటర్ దగ్గర నిలబడి చెప్పేంత చిన్న విషయం కాదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

మొదట మీ ఊరు వదిలి వెళ్ళినవాళ్ళని వెతకండి. నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఇదే. చిత్తూరు వైపు నుంచి బెంగళూరు, చెన్నై వెళ్ళి స్థిరపడినవాళ్ళు ఎంతమందో. రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్ వెళ్ళినవాళ్ళు సరేసరి. వీళ్ళకి ఊరి మీద బెంగ ఉంటుంది. ఫోన్ చూస్తూ ఉంటే పాకాల జంక్షన్ పేరో, కాణిపాకం పేరో కనబడిందా, వేలు అక్కడే ఆగిపోతుంది. కాబట్టి "ఒకానొక ఊరిలో" అని రాయకండి, ఊరి పేరు రాయండి. బస్సు ఎక్కడ ఆగిందో రాయండి. ఊరి పేరుతో ఉన్న ఫేస్‌బుక్ గ్రూపులు, పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులు దాదాపు ప్రతి ఊరికీ ఉంటాయి. వాటిలో చేరగానే మీ కథ లింకు పడేయొద్దు. కొన్నాళ్ళు అక్కడి వాళ్ళు పెట్టేవి చదవండి, మాట కలపండి. ఆ తర్వాత పెట్టే మొదటి కథని లింకుగా కాకుండా పూర్తిగా అక్కడే పెట్టండి. కొత్త మనిషి కోసం ఇంకో యాప్ తెరిచే ఓపిక ఎవరికీ ఉండదు.

ఇంకో మాట, ఇది నా వృత్తికి సంబంధించింది. మన ప్రెస్సుల్లో, డీటీపీ షాపుల్లో ఇప్పటికీ అను ఫాంట్లే ఎక్కువ. వాటిలో టైపు చేసిన తెలుగుని అలాగే ఫోన్లోకి కాపీ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. గూగుల్‌లో ఎంత వెతికినా ఆ కథ దొరకదు. ఆన్‌లైన్‌కి యూనికోడ్ తెలుగు కావాలి, అంటే ఏ ఫోన్లోనైనా, కంప్యూటర్లోనైనా సరిగ్గా కనబడే తెలుగు. పాత కథలు అనులో ఉంటే కన్వర్టర్‌తో మార్చుకోండి. మార్చాక మాత్రం ఒత్తులు, ముఖ్యంగా ర ఒత్తు, ఒక్కొక్కటీ సరిచూసుకోవాలి. కొత్తవైతే ఫోన్లో గూగుల్ వాళ్ళ కీబోర్డు జీబోర్డుతోనే రాసుకోవచ్చు. నోటితో చెప్తే టైపు చేసే సౌకర్యం కూడా అందులో ఉంది, అయితే మన యాసకి అది బాగా తడబడుతుంది.

ఇక మొదటి రెండు వాక్యాలు. ఫేస్‌బుక్ పెద్ద పోస్టుని కొన్ని లైన్ల దగ్గర మడిచేస్తుంది, నొక్కితేనే మిగతాది తెరుచుకుంటుంది. ఆ నొక్కడం కోసమే మన కష్టమంతా. "బాల్యం ఎంతో మధురమైనది, ఆ రోజులు మళ్ళీ రావు" అని మొదలుపెడితే ఎవరూ నొక్కరు. అదే కథని ఇలా మొదలుపెట్టి చూడండి: "గానుగ ఆగిపోయిన రాత్రి మా నాయన పొయ్యి ముందు నుంచి లేవలేదు. పెనంలో రసం సగం కాగి ఉంది." గానుగ ఎందుకు ఆగింది, ఆ రసం ఏమైపోతుంది అని చదివేవాళ్ళకి మనసు లాగుతుంది. సగం కాగిన రసం పాడైతే ఆ ఇంటికి ఎంత నష్టమో మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళు తెలుసుకోవడానికే చదువుతారు. కథ చెప్పే భాష అందరికీ అర్థమయ్యేలా ఉంచండి, మాటలు మాత్రం మనవాళ్ళు మాట్లాడినట్టే మాట్లాడించండి. "యాడికి పోతుండావు మే" అని ఒక పెద్దామె అడిగితే, కృష్ణా జిల్లా పాఠకుడికి కూడా సందర్భాన్ని బట్టి అర్థమైపోతుంది.

ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక ఇబ్బంది ఉంది. క్యాప్షన్‌కి 2,200 అక్షరాలే హద్దు. తెలుగులో గుడులూ కొమ్ములూ విడివిడి అక్షరాల కిందే లెక్క. "తిరుపతి" మన లెక్కలో నాలుగక్షరాలు, కంప్యూటర్ లెక్కలో 7. దాంతో రెండు మూడు వందల మాటలకే క్యాప్షన్ నిండిపోతుంది. పూర్తి కథకి అది చాలదు. అక్కడ కథలోని మంచి ముక్క ఒకటి బొమ్మగా పెట్టండి. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. చదవడానికి మండలి హాయిగా ఉంటుంది, శీర్షికకి ధూర్జటి బాగుంటుంది. మన శ్రీకాళహస్తి కవి పేరున్న ఫాంటు అని నాకు దాని మీద కొంచెం ప్రేమ ఎక్కువ.

కథ ఎప్పుడు పెట్టాలన్నది కూడా ఆలోచించి పెట్టుకోండి. నేను గురువారం రాత్రి పెడతాను. కువైట్‌లో శుక్రవారం సెలవు. వాళ్ళ గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక. మనకి రాత్రి పదిన్నర అయితే వాళ్ళకి ఎనిమిది, అన్నం తిని ఫోన్ పట్టుకునే వేళ. మీ పాఠకులు ఎక్కడున్నారో చూసుకుని మీ రోజు మీరు ఎంచుకోండి. ఎంచుకున్నాక తప్పకండి. ఏడాదిలో కాలాలు కూడా కలిసొస్తాయి. మే నెలలో మా తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర ఉంటుంది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం గురించి కథ ఉంటే జాతరకి వారం ముందు పెట్టండి. జాతరకి రాలేకపోతున్నవాళ్ళు అప్పుడే ఊరిని తలుచుకుంటూ ఉంటారు, ఇంట్లోవాళ్ళందరికీ పంపుతారు. తోతాపురి కాయలు లారీల్లో గుజ్జు ఫ్యాక్టరీలకి వెళ్ళే జూన్, జూలై నెలలు మామిడి రైతు కథకి సరైన కాలం.

చదివినవాళ్ళకి జవాబివ్వండి. "థాంక్స్ అండీ" అని అందరికీ ఒకే మాట కాపీ చేసి పెట్టడం జవాబు కిందికి రాదు. బెల్లం కథ కింద బెంగళూరులో కారు నడిపే ఒకాయన రాశాడు: "మా చిన్నప్పుడు గానుగ కాడ వేడి పాకం చెరకు ముక్కకి చుట్టి ఇచ్చేవాళ్ళక్కా. నాలుక కాలినా వదిలేవాళ్ళం కాదు." ఎవరిచ్చేవాళ్ళని అడిగాను. వాళ్ళ తాత అని చెప్పాడు. ఆ తాత తలపాగా గురించి, పాకం బొట్టు చన్నీళ్ళలో వేసి ఉండ కట్టిందా లేదా అని వేళ్ళతో చూసే తీరు గురించి ఆ రాత్రంతా రాస్తూనే ఉన్నాడు. తర్వాతి భాగంలో ఆ చెరకు ముక్కని వాడుకోవచ్చా అని అడిగి, ఒప్పుకున్నాకే వాడాను. ఆ సంగతి కథ కింద కూడా రాశాను. ఆయన దాన్ని వాళ్ళ బంధువులందరికీ పంపాడు. అప్పుడు వచ్చినవాళ్ళు ఇప్పటికీ నా కథలు చదువుతున్నారు. డబ్బు పెట్టి ఫాలోవర్లని కొనేవాళ్ళూ, నువ్వు నన్ను ఫాలో అయితే నేను నిన్ను ఫాలో అవుతానని బేరాలాడేవాళ్ళూ ఉన్నారు. వాటి జోలికి పోకండి. అలా వచ్చినవాళ్ళు ఒక్క పేరా కూడా చదవరు.

చెన్నైలో, బెంగళూరులో పెరిగిన మన పిల్లలు తెలుగు మాట్లాడతారు, చదవలేరు. వాళ్ళకోసం కథని చదివి వినిపించండి. ఫ్యాన్ ఆపి, తలుపులేసి, బట్టల బీరువా తెరిచి దాని ముందు కూర్చుని ఫోన్లో రికార్డు చేస్తే గొంతు స్పష్టంగా వస్తుంది. బట్టలు గదిలో ప్రతిధ్వనిని తగ్గిస్తాయి. ఇలా చదివితే ఇంకో లాభం, నోరు తిరగని వాక్యాలు మనకే దొరికిపోతాయి.

సీరియల్ రాసేవాళ్ళకి ప్రతిలిపి అనే కథల యాప్ బాగుంటుంది. కొత్త భాగం పెట్టగానే ఫాలోవర్లకి నోటిఫికేషన్ వెళ్తుంది. అయితే ఏ యాప్ అయినా రేపు రూల్స్ మార్చుకోవచ్చు, కాబట్టి నేరుగా చేరే దారి ఒకటి మన చేతిలో ఉండాలి. ఒకే మెసేజ్‌ని అందరికీ విడివిడిగా పంపే వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది వరకు పెట్టుకోవచ్చు, కానీ వాళ్ళు మీ నంబరు సేవ్ చేసుకుని ఉంటేనే మెసేజ్ చేరుతుంది. 2023లో మన దేశంలో మొదలైన వాట్సాప్ ఛానల్ నాకు ఇంకా నచ్చింది. అందులో నా నంబరు ఫాలోవర్లకి కనబడదు. ఆడవాళ్ళకి ఇది చాలా అవసరం. కథ బాగుందన్న మాటతో మొదలుపెట్టి, అర్ధరాత్రి వీడియో కాల్ చేసేవాళ్ళు ఉంటారు. మొహమాటపడకుండా బ్లాక్ చేయండి. కలం పేరుతో రాసుకోవాలనిపిస్తే నిశ్చింతగా రాసుకోండి.

పేరు కాస్త తెలిశాక కథ దొంగలు తయారవుతారు. నా కథ ఒకటి ఎవరో యూట్యూబ్ ఛానల్‌లో పేరు తీసేసి చదివి పెట్టారు. టెన్షన్ పడి కామెంట్లలో గొడవకి దిగొద్దు. ముందు స్క్రీన్‌షాట్లు తీసి, మీ కథ ఏ తేదీన వచ్చిందో దాని లింకుతో సహా దాచుకోండి. తర్వాత యూట్యూబ్‌లో కాపీరైట్ ఫిర్యాదు ఫారం నింపండి. ఫిర్యాదు సరైనదైతే వీడియో పోతుంది, ఆ ఛానల్‌కి స్ట్రైక్, అంటే తప్పు చేసినట్టు ఒక మార్కు, పడుతుంది. 90 రోజుల్లో మూడు స్ట్రైక్‌లు పడితే ఛానలే పోవచ్చు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన క్షణం నుంచే హక్కు రచయితది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఈ ఒక్క సంగతి తెలియక ఊరుకున్నవాళ్ళు మా షాపుకే చాలామంది వచ్చారు.

పుస్తకం వేద్దామని మీకు తోచిన రోజున ముందు మీ వాట్సాప్ ఛానల్‌లోనే అడగండి, ఎవరెవరికి కావాలని. డబ్బు కట్టినవాళ్ళని లెక్కపెట్టుకుని, ఇంకొన్ని కలిపి అన్నే ప్రింట్ చేయించండి. మంచం కింద కట్టలు పేర్చుకోవాల్సిన పని ఉండదు. ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు, మన దేశంలో ఉచితం, రాజా రామ్‌మోహన్ రాయ్ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవాలి. పోస్టు ఖర్చు ముందే కనుక్కుని ధరలో కలపండి. పుస్తకం చివరి పేజీలో మీ ఛానల్ క్యూఆర్ కోడ్ వేయించండి. అంగుళానికి తగ్గకుండా, చుట్టూ కొంచెం తెల్ల జాగా వదిలి, ప్రింటుకి ఇచ్చేముందు రెండు మూడు ఫోన్లతో స్కాన్ చేసి చూసుకోండి.