టీమ్ లక్ష్యాల మీద వారం వారం అప్‌డేట్ ఎలా రాయాలి

వారం అప్‌డేట్‌లో ముందు కనిపించాల్సింది అంకె, చేసిన పనుల జాబితా కాదు. "రెండు మీటింగులు పెట్టాం, డాష్‌బోర్డ్ చేశాం, ట్రైనింగ్ అయింది" అని రాస్తే టీమ్ ఖాళీగా లేదని తెలుస్తుంది. లక్ష్యం చేరతామా లేదా అన్నది మాత్రం తెలియదు.

ఒక కస్టమర్ సపోర్ట్ టీమ్‌ని తీసుకుందాం. జులై–సెప్టెంబర్ క్వార్టర్‌లో టికెట్‌కి (అంటే కస్టమర్ పంపిన ఒక్కో ఫిర్యాదుకి) మొదటి జవాబు ఇచ్చే సమయాన్ని 9 గంటల నుంచి 4 గంటలకు తగ్గించాలి. ఆ అంకె ఏ రిపోర్ట్‌లోంచి తీస్తారు, ఎవరు తీస్తారు, ఎలా లెక్కిస్తారు అన్నవి మొదటి అప్‌డేట్‌కి ముందే తేలిపోవాలి. కొంప ముంచేది ఎక్కువగా మూడోదే. శుక్రవారం రాత్రి 9కి వచ్చిన టికెట్‌కి సోమవారం పొద్దున 9కి జవాబిస్తే 60 గంటలు. ఆఫీసు గంటల్లో లెక్కిస్తే దాదాపు సున్నా. అలాంటివి నాలుగు పడితే సగటు ఎగిరిపోతుంది, మీడియన్ (అన్నిటినీ చిన్న నుంచి పెద్దకు వరుసలో పెడితే నడిమధ్యన ఉండే అంకె) పెద్దగా కదలదు. ఏదో ఒక లెక్క ఎంచుకుని క్వార్టర్ అయ్యేదాకా దాన్నే పట్టుకోండి. మధ్యలో మారిస్తే పాత వారాలతో పోల్చడం కుదరదు.

తర్వాత, ఏ వారానికి అంకె ఎక్కడుండాలో ముందే రాసుకోండి. క్వార్టర్‌కి 13 వారాలు. సమానంగా తగ్గుతుందనుకుంటే ఆరో వారం చివరికి 6.7 గంటల దగ్గర ఉండాలి. కొత్తవాళ్లు ఆగస్టు చివర్లో చేరేటట్టయితే తగ్గుదల సెప్టెంబర్‌లోనే కనిపిస్తుంది. ఆ సంగతి జులైలోనే రాసిపెట్టాలి. ఆరో వారంలో చెబితే సాకులా వినిపిస్తుంది.

రంగులకు అర్థం ముందే ఖాయం చెయ్యండి. అనుకున్నట్టే నడుస్తుంటే పచ్చ. వెనకబడ్డా సరిచేసే పని, చేసే మనిషి, తేదీ మన చేతిలో ఉంటే పసుపు. బయటివాళ్ల సాయం లేకుండా చేరలేమంటే ఎరుపు. వరుసగా మూడు వారాలు పసుపే ఉంటే ఎరుపు చేసెయ్యండి, ఆ ప్లాన్ పనిచెయ్యట్లేదన్నమాట.

అప్‌డేట్ ఇంతుంటే చాలు:

మొదటి జవాబు: 7.8 గంటలు. పోయిన వారం 7.9. ఉండాల్సింది 6.7. ఎరుపు.
కారణం: పేమెంట్ టికెట్లు ముందు జనరల్ క్యూలో పడుతున్నాయి, అక్కణ్ణుంచి మారడానికే మూడు గంటలు పడుతోంది.
కావాల్సింది: రూటింగ్ రూల్ (ఏ టికెట్ ఏ క్యూకి వెళ్లాలో చెప్పేది) మార్చడానికి ఐటీ టీమ్ అడ్మిన్ యాక్సెస్ ఇవ్వాలి. ఆగస్టు 4న అడిగాం, 14లోపు కావాలి.
వచ్చే వారం: యాక్సెస్ వచ్చేదాకా షిఫ్ట్ లీడ్ రోజుకు రెండుసార్లు క్యూ చూసి చేత్తో మారుస్తారు.

"ఫాలోఅప్‌లో ఉంది", "చూస్తున్నాం", "90 శాతం అయిపోయింది" అన్న మాటలు కనిపిస్తే వెనక్కి పంపండి. ముఖ్యంగా ఆ 90 శాతం నెల తర్వాత కూడా 90 శాతంగానే ఉంటుంది. అయినంత శాతం అడగొద్దు, మిగిలిన పనులేంటో పేర్లతో రాయమనండి.

గురువారం సాయంత్రానికి అంకెలు ఒకే షీట్‌లో పడాలి, శుక్రవారం పొద్దున లీడ్ చదవాలి. మీటింగ్ పెడితే 25 నిమిషాలు, అదీ పసుపు, ఎరుపుల కోసమే. పచ్చవాటిని చదివి వినిపించక్కర్లేదు. పండగ వారాల్లో టికెట్లు తగ్గి అంకె బాగున్నట్టు కనిపిస్తుంది, కాబట్టి పక్కనే టికెట్ల సంఖ్య కూడా వెయ్యండి.

ఇదంతా నిలబడేది మాత్రం ఎరుపు చూసినప్పుడు మేనేజర్ అడిగే మొదటి ప్రశ్న మీద. అందరి ముందూ "ఎందుకిలా అయింది?" అని నిలదీస్తే వచ్చే శుక్రవారానికి షీటంతా పచ్చగా మారిపోతుంది, అసలు సంగతి సెప్టెంబర్ చివర్లో బయటపడుతుంది. "ఏం కావాలి, ఎప్పటికి?" అని అడగండి. జవాబు అదే రోజు, అదే షీట్‌లో, ఆ లైన్ పక్కనే రాయండి.