రేడియాలజీ టెక్నాలజిస్ట్ కావాలంటే: ఫీజు కట్టేముందు ఎక్స్‌రే గది చూడండి

ఇంటర్‌లో బైపీసీ చదివితే ఈ డిగ్రీకి దారి సుళువు. బీఎస్సీ మెడికల్ ఇమేజింగ్ టెక్నాలజీ అనో, రేడియాలజీ అండ్ ఇమేజింగ్ అనో పేరు కాలేజీని బట్టి మారుతుంది. సాధారణంగా మూడేళ్ల చదువు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. మార్కుల మెమో, టీసీ, స్టడీ, కుల ధ్రువపత్రాలు జిరాక్సులతో సహా ఒక ఫైల్లో పెట్టుకోండి. నోటిఫికేషన్ విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లోనే చూడండి, మధ్యవర్తుల మాట వినొద్దు.

డిప్లొమా త్వరగా అయిపోతుందని చాలామంది అటు వెళ్తారు. రేపు పీజీ చేయాలన్నా, పాఠాలు చెప్పాలన్నా డిగ్రీ అడుగుతారు. అందుకే డిగ్రీయే చేయాలి.

అందరూ దెబ్బతినేది కాలేజీ ఎంపికలో. ఫ్లెక్సీ చూసి, ఏసీ క్లాసురూమ్ చూసి ఫీజు కట్టేస్తారు. ఈ పని నేర్చుకునేది క్లాసులో కాదు, రోగి పక్కన. సొంత ఆసుపత్రి లేకుండా విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో ఫలానా స్కానింగ్ సెంటర్‌కు పంపిస్తామంటే అక్కడికే వెళ్లి విచారించండి. విద్యార్థుల చేత ఎక్స్‌రేలు తీయిస్తున్నారా, వీల్‌చైర్లు తోయించి సరిపెడుతున్నారా?

ఉదయం ఓపీ రద్దీ వేళే వెళ్లండి. సాయంత్రం వెళ్తే ఏమీ తెలియదు. సీనియర్ విద్యార్థిని పక్కకు పిలిచి, ఛాతీ ఎక్స్‌రే ఎలా తీస్తావమ్మా అని అడగండి. రోగి ఛాతీని ప్లేటుకు ఆనించి నిలబెట్టాలి, ఎక్స్‌రే వచ్చే ట్యూబు ఆరడుగుల దూరంలో ఉండాలి. చేతులు నడుం మీద పెట్టించి భుజాలు ముందుకు తిప్పించాలి, లేకపోతే రెక్క ఎముకల నీడ ఊపిరితిత్తుల మీద పడుతుంది. గాలి గట్టిగా పీల్చి బిగబట్టమని చెప్పి, పీల్చారని కళ్లారా చూశాకే బటన్ నొక్కాలి. బాగా పీలిస్తే ఫిల్మ్‌లో వెనకవైపు పక్కటెముకలు తొమ్మిదో పదో లెక్కకు వస్తాయి. ఇది గడగడా చెప్పలేకపోతే ఆ కాలేజీ వద్దు. సరిగా రాని ఫిల్మ్ మళ్లీ తీయాలంటే ఆ రోగికి రెండోసారి రేడియేషన్ ఇవ్వాలి.

సీటీ, ఎంఆర్‌ఐ మోజులో మామూలు ఎక్స్‌రేను తేలిగ్గా తీసుకోకండి. మొదటి ఏడాది దానిమీదే చెయ్యి తిరగాలి.

ఇంకొకటి తప్పకుండా అడగండి: విద్యార్థులకు టీఎల్‌డీ బ్యాడ్జీ ఇస్తారా? శరీరానికి అందిన రేడియేషన్‌ను కొలిచేది అదే. రేడియేషన్ తగలకుండా వేసుకునే లెడ్ (సీసం) ఏప్రన్ లోపల, ఛాతీ దగ్గర పెట్టుకోవాలి. మూడు నెలలకోసారి రీడింగ్‌కు పంపుతారు. ఉద్యోగులకు ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (శరీరానికి అందే రేడియేషన్ కొలమానం), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదని అణుశక్తి నియంత్రణ మండలి నిబంధన. బ్యాడ్జీని ఎక్స్‌రే గదిలో వదిలేసి వెళ్తే వచ్చే రీడింగ్ మీది కాదు, గదిది. ఏప్రన్‌ను కూడా మడత పెట్టొద్దు, లోపలి లెడ్ పగుళ్లిస్తుంది. హ్యాంగర్‌కు తగిలించాలి. కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు ఏప్రన్లు కుర్చీ మీద కుప్పగా కనిపిస్తే ఫీజు కట్టకుండా వచ్చేయండి.