సైబర్ మోసంలో డబ్బు పోతే ఫిర్యాదు ఎలా చేయాలి?

ఖాతాలో డబ్బు పోయిందని తెలియగానే చాలామంది బ్యాంకు బ్రాంచికో, పోలీస్ స్టేషన్‌కో పరిగెత్తుతారు. అంతకంటే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. హైదరాబాద్‌లో ఈ కాల్స్‌ను తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో చూసుకుంటుంది. మోసగాళ్లు డబ్బును నిమిషాల్లో ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మార్చేస్తారు. ఎవరో ఒకరు ఏటీఎంలో డ్రా చేసేలోగా ఆ ఖాతా ఫ్రీజ్ అయితేనే ఆశ. ఇంట్లో తిడతారేమోనని రాత్రంతా దాచుకుంటే ఆ అవకాశం పోతుంది.

కాల్‌లో ముఖ్యంగా అడిగేది లావాదేవీ నంబర్. ఫోన్‌పేలోనో గూగుల్ పేలోనో ఆ చెల్లింపును తెరిస్తే, కింద యూటీఆర్ లేదా యూపీఐ ట్రాన్సాక్షన్ ఐడీ అని 12 అంకెలు కనిపిస్తాయి. డబ్బు మూడు విడతల్లో పోతే మూడు నంబర్లూ విడివిడిగా చెప్పాలి. టెన్షన్‌లో నంబర్ దొరకకపోయినా ఆగొద్దు. బ్యాంకు పేరు, మొత్తం, సమయం చెప్పి మొదలుపెట్టండి.

ఫిర్యాదు నమోదయ్యాక నంబర్ ఎస్సెమ్మెస్‌లో వస్తుంది. 24 గంటల్లోగా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో మిగతా వివరాలు నింపాలి. బ్యాంక్ స్టేట్‌మెంట్, చాటింగ్ స్క్రీన్‌షాట్లు, గుర్తింపు కార్డు జత చేయండి. జరిగింది జరిగిన వరుసలో రాయండి: ఉదాహరణకు, ట్రాఫిక్ చలాన్ అంటూ ఏ నంబర్ నుంచి ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్‌ను ఎక్కించే ఫైల్) వచ్చింది, ఎప్పుడు ఇన్‌స్టాల్ చేశారు, డబ్బు ఎప్పుడు పోయింది. మోసపు ఈమెయిల్‌ను కోపంతో డిలీట్ చేయొద్దు, అది సాక్ష్యం.

బ్యాంకుకూ విడిగా చెప్పాలి. కస్టమర్ కేర్ నంబర్ గూగుల్‌లో వెతక్కండి, అక్కడ నకిలీ నంబర్లు ఉంటాయి. కార్డు వెనక ఉన్నదే వాడండి. ఓటీపీ మీరే చెప్పేసినా సరే, బ్యాంకుకు తెలియజేశాక జరిగే నష్టం బ్యాంకుదేనని రిజర్వు బ్యాంకు 2017 నిబంధన.

డబ్బు పోకుండా ఫోన్ మాత్రమే వచ్చిందా? టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలోని చక్షు విభాగంలో 30 రోజుల్లోగా నివేదించవచ్చు. అనుమానాస్పద ఈమెయిల్ ఐడీలు, వెబ్‌సైట్లను సైబర్‌క్రైమ్ పోర్టల్‌లోనే చెప్పవచ్చు.

ఫ్రీజ్ అయిన డబ్బు దానంతటదే వెనక్కి రాదు, చాలా సందర్భాల్లో కోర్టు ఉత్తర్వు కావాలి. తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా ఇలా చాలామందికి తిరిగి ఇప్పించారు. దర్యాప్తు చేస్తున్న స్టేషన్‌లో అడిగితే పిటిషన్ ఎలా వేయాలో చెబుతారు. ఈలోగా ఎవరైనా ఫోన్ చేసి, ఫీజు కడితే మీ డబ్బు వెనక్కి ఇప్పిస్తామంటే అదీ మోసమే, ఆ నంబర్‌ను కూడా ఫిర్యాదులో చేర్చండి.