షేర్ ఫోల్డర్ కనిపిస్తుంది, ఫైలు మాత్రం తెరుచుకోదు: సమస్య - పరిష్కారం

రౌటర్ ఆపి ఆన్ చేసే ముందు ఒక్క పని చేయండి. అదే ఫైలును ఇంకో సిస్టమ్ నుంచి తెరిచి చూడండి. తర్వాత అదే ఫోల్డర్‌లో ఇంకో ఫైలు తెరవండి. అర నిమిషం పని ఇది. దీన్ని వదిలేసి గంటసేపు కేబుళ్లు పీకి పెడుతుంటారు. దయచేసి ముందు ఇది చూడండి.

ఎవరికీ ఏ ఫైలూ రాకపోతే: ఫైళ్లున్న సిస్టమ్ స్లీప్‌లోకి పోయిందేమో చూడండి. కరెంటు పోయి వచ్చాక మొదలైతే రౌటర్ దానికి కొత్త ఐపీ (నెట్‌వర్క్‌లో ఆ సిస్టమ్ అడ్రసు) ఇచ్చి ఉంటుంది, పాత ఐపీతో చేసిన షార్ట్‌కట్ ఇక పనిచేయదు. రౌటర్‌లో ఆ ఐపీ రిజర్వ్ చేయండి, లేదా షార్ట్‌కట్‌ను కంప్యూటర్ పేరుతో పెట్టుకోండి.

ఒక్క సిస్టమ్‌కే రాకపోతే: పాస్‌వర్డ్ మారిందేమో. విండోస్ పాస్‌వర్డ్‌లు దాచుకునే క్రెడెన్షియల్ మేనేజర్‌లో పాతది తీసేయండి. పిన్ ఇక్కడ చెల్లదు, పాస్‌వర్డే కొట్టాలి. విండోస్ 11 ప్రో 24హెచ్2 అప్‌డేట్ తర్వాత ఆగితే, పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేరింగ్‌ను అది ఒప్పుకోదు. ఫైళ్లున్న సిస్టమ్‌లో పాస్‌వర్డ్ ఉన్న యూజర్‌ను చేసి ఆ పేరుతో కనెక్ట్ అవ్వండి.

ఫోల్డర్‌లో అన్నీ తెరుచుకుని, ఒకటి రెండు ఫైళ్లకే 'యాక్సెస్ డినైడ్' వస్తే: అసలు తిప్పలు పెట్టేది ఇదే. గవర్నర్‌పేట ఆడిట్ ఆఫీసైనా, గుంటూరు మిర్చి యార్డు కమీషన్ కొట్టయినా జరిగేది ఒకటే. అకౌంటెంట్ డెస్క్‌టాప్ మీద ఎక్సెల్ షీటు తయారు చేసి, కట్ చేసి షేర్ ఫోల్డర్‌లో పేస్ట్ చేస్తారు. రెండూ సీ డ్రైవ్‌లోనే ఉంటే విండోస్ ఆ ఫైలును జరుపుతుందే గానీ దాని పర్మిషన్లు (ఎవరు తెరవొచ్చో చెప్పే అనుమతులు) మార్చదు. అంటే డెస్క్‌టాప్ పర్మిషన్లే వెంట వస్తాయి, మిగతావాళ్లకు అందులో చోటుండదు. మౌస్‌తో లాగి వేసినా అంతే. అదే కాపీ చేస్తే కొత్త ఫోల్డర్ పర్మిషన్లు వస్తాయి. డ్రైవ్ మారితే కట్ చేసినా ఇబ్బంది లేదు.

పెట్టినవాళ్లకు తెరుచుకుంటుంది కాబట్టి 'నాకు వస్తోందిగా' అంటారు. మీరేమో షేరింగ్ ట్యాబ్‌లో ఎవ్రీవన్‌కు ఫుల్ కంట్రోల్ ఇస్తూ కూర్చుంటారు. అది వీధి గేటు మాత్రమే. సెక్యూరిటీ ట్యాబ్‌లోని గది తలుపు కూడా తెరిచి ఉండాలి.

ఫైళ్లున్న సిస్టమ్‌లోనే, ఆ ఫైలు తెరవగలిగిన లాగిన్‌తో, దాన్ని అదే ఫోల్డర్‌లో కాపీ, పేస్ట్ చేయండి. ఇంకో సిస్టమ్ నుంచి ఆ కాపీ తెరుచుకుంటే పాతది తీసేసి కాపీకి దాని పేరు పెట్టండి. ఫైళ్లు చాలా ఉంటే ఫోల్డర్ ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి 'రీప్లేస్ ఆల్ చైల్డ్ ఆబ్జెక్ట్ పర్మిషన్' అని మొదలయ్యే గడికి టిక్ పెట్టి అప్లై కొట్టండి. లోపల జీతాల ఫోల్డర్ లాంటిది కొందరికే ఇచ్చి ఉంటే ఈ పని చేయకండి, ఆ కట్టడి కూడా పోతుంది.

'లాక్‌డ్' అని వస్తే ఇంకెవరో ఆ ఫైలు తెరిచి ఉంచారు, మూయమనండి. అందరూ మూసినా పోకపోతే, అదే ఫోల్డర్‌లో దాగి ఉండే, పేరు ~$ గుర్తులతో మొదలయ్యే చిన్న ఫైలు తీసేయండి. ఫోల్డర్ల పేర్లు మరీ పొడవై ఎక్సెల్‌కు 218 అక్షరాలు దాటడం, ఫైళ్లున్న సిస్టమ్‌కు ఒకేసారి 20 కనెక్షన్ల పరిమితి నిండడం చిన్న ఆఫీసుల్లో అరుదు. వాటిని చివరికి చూడండి.