నేల కోతను చదవడం – 4వ పాఠం: టిల్ మీద పరుచుకున్న ఒండ్రు

గత మూడు పాఠాల్లో గుంత తవ్వి పక్కగోడను (నేల కోత అని మనం అంటున్నది దీనినే) శుభ్రం చేయడం, పొరలను గుర్తించడం, తడి మట్టిని వేళ్ళ మధ్య నలిపి ఇసుక, ఒండ్రు, బంక ఏ పాళ్లలో ఉన్నాయో అంచనా వేయడం నేర్చుకున్నాం. అక్కడ తీసుకున్న నేలలన్నీ ఒకే మాతృ పదార్థం, అంటే నేలకు మూలమైన మట్టి లేదా రాయి, నుంచి పుట్టినవి. ఈ పాఠంలో ఒకదాని మీద ఒకటి పరుచుకున్న రెండు వేర్వేరు మాతృ పదార్థాల నుంచి ఏర్పడిన నేలను తీసుకుంటాం. ఇటువంటి నేలలకు అమెరికా మధ్య పశ్చిమ ప్రాంతంలోని ఇల్లినాయి, ఇండియానా, విస్కాన్సిన్ రాష్ట్రాలు పెట్టింది పేరు. అక్కడ హిమానీనదాలు వదిలివెళ్ళిన టిల్ మీద ఒండ్రు ఒక దుప్పటిలా కప్పుకొని ఉంటుంది.

ముందుగా ఒక మాట గురించి చెప్పుకోవాలి. వాడుకలో ఒండ్రు అంటే నది తెచ్చి వేసిన మట్టి. ఈ పాఠాల్లో మాత్రం అది కేవలం ఒక పరిమాణానికి పేరు. అమెరికా వ్యవసాయ శాఖ పద్ధతిలో 0.05 నుంచి 0.002 మిల్లీమీటర్ల మధ్య ఉన్న రేణువు ఒండ్రు, అంతకంటే పెద్దదై 2 మిల్లీమీటర్ల లోపు ఉన్నది ఇసుక, 0.002 కంటే చిన్నది బంక. ఆ రేణువును నీరు తెచ్చిందా, గాలి తెచ్చిందా అన్నది వేరే ప్రశ్న. ఈ నేలల్లో దానిని ఎక్కువగా తెచ్చింది గాలే.

టిల్ అంటే హిమానీనదం తన అడుగున ఈడ్చుకొచ్చి, ఏ వడపోతా లేకుండా వదిలేసిన పదార్థం. నీరు, గాలి రేణువులను వాటి బరువును బట్టి వేరు చేస్తాయి. మంచుకు ఆ విచక్షణ లేదు. అందుకే టిల్‌లో బంక, ఒండ్రు, ఇసుక, గులకరాళ్లు, అప్పుడప్పుడు బండరాళ్లు కూడా కలగాపులగంగా ఉంటాయి. మంచు బరువు కింద అణగిన టిల్ అయితే ఘనపు సెంటీమీటరుకు 1.8 గ్రాముల స్థూల సాంద్రతను చేరడం కూడా సాధారణమే. అటువంటి దానిలోకి వేళ్లు దిగలేవు, నీరు చాలా నెమ్మదిగా దిగుతుంది.

ఆ తరువాత మంచు కరిగిన నీరు మిస్సిసిపి, ఇల్లినాయి వంటి నదీలోయల్లోకి విపరీతంగా మట్టిని తెచ్చిపోసింది. ప్రవాహం తగ్గిన కాలాల్లో ఆ లోయల అడుగు బయటపడి ఎండిపోయేది, గాలి అందులోని సన్నని ఒండ్రును ఎత్తుకుపోయి మైదానాల మీద పరిచేది. ఇలా పరిచిన పదార్థమే లోయస్. ఈ ప్రాంతంలో పైన కనిపించే లోయస్‌లో అధిక భాగం, పియోరియా లోయస్ అని పిలిచేది, సుమారు 25,000 నుంచి 12,000 ఏళ్ల కిందట పేరుకున్నది. లోయకు దగ్గరలో అది మందంగా ఉంటుంది, గాలి వీచిన దిశలో దూరం పెరిగే కొద్దీ పలుచబడుతుంది, రేణువు కూడా సన్నబడుతుంది. ఇల్లినాయి లోయస్‌లో ఈ తీరును గై స్మిత్ 1942లో కొలతలతో చూపించారు. నేడు మనం వాడుతున్న అమెరికా నేలల వర్గీకరణ పద్ధతికి తరువాతి కాలంలో నాయకత్వం వహించిందీ ఆయనే. ఆ పద్ధతికి లోయస్ నేలల అనుభవం ఎంత దగ్గరిదో దీనిని బట్టి ఊహించుకోవచ్చు.

టిల్ మీద కనిపించే ఒండ్రు అంతా లోయస్ కాదని కూడా గుర్తుంచుకోవాలి. మంచు కరిగిన నీరు నిలిచిన సరస్సుల అడుగున పేరుకున్న ఒండ్రు కూడా ఉంటుంది. అది పల్లానికే పరిమితమై, లోతున సన్నని రేకుల వంటి పొరలతో కనిపిస్తుంది. లోయస్ అయితే మిట్టనూ పల్లాన్నీ ఒకేలా కప్పి, రేకులు లేకుండా ఒకే ముద్దగా ఉంటుంది.

మూడు గీతలు

ఇటువంటి నేల కోత ముందు నిలబడినప్పుడు మనం గీయవలసిన గీతలు మూడు. మొదటిది అతుకు, అంటే లోయస్ ముగిసి టిల్ మొదలయ్యే చోటు. రెండవది సున్నం గీత, అంటే వర్షపు నీరు సున్నాన్ని కడిగివేయగలిగిన లోతు. దీని కింద పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే నురగ వస్తుంది. మూడవది తడి గీత, అంటే నీరు నిలిచినందువల్ల మట్టిలో బూడిదరంగు మచ్చలు, వాటి పక్కన తుప్పురంగు మచ్చలు మొదలయ్యే చోటు. ఈ మూడూ ఒకే లోతులో ఉంటాయని అనుకోవడం, లేదా ఒకదానిని చూసి మరొకటని రాసేయడం, ఈ నేలలను చదవడంలో జరిగే పొరపాట్లలో సగానికి మూలమని నా అభిప్రాయం.

అతుకును మట్టి జిగురును బట్టి వెతకకూడదు. బంక రేణువులు నీటితో కదులుతాయి. పై పొర నుంచి దిగి, కింది పొరలో మట్టిగడ్డల ముఖాల మీద, వేళ్లు వదిలిన రంధ్రాల్లో మెరిసే పూతలుగా పేరుకుంటాయి. అందుకే లోయస్ మధ్యలోనే ఒకచోట మట్టి ఉన్నట్టుండి జిగురుగా తగులుతుంది. కొత్తగా నేర్చుకునేవారు అక్కడే టిల్ వచ్చిందని గీత గీసేస్తారు. ఇసుక మాత్రం అలా నీటితో కదలదు. కనుక అతుకుకు సాక్ష్యం ఇసుకే. బంకను లెక్కలోంచి తీసివేసి, మిగిలిన ఇసుక, ఒండ్రుల మొత్తంలో ఇసుక శాతం ఎంతో చూడాలి. దీనిని బంక రహిత ఇసుక అందాం.

లెక్క చేసి చూద్దాం. కింది కోత ఈ పాఠం కోసం కల్పించినది, అయితే అంకెలు ఇటువంటి నేలల్లో ఎదురయ్యే తరహావే. పొరల పేర్లలో ఏపీ అంటే దున్నిన పైపొర, ఈ అంటే బంక కడిగివేయబడిన పొర, బీటీ అంటే బంక పేరుకున్న పొర, సీ అంటే పెద్దగా మారని మాతృ పదార్థం. వరుసగా ఇసుక, ఒండ్రు, బంక శాతాలు:

ఏపీ, 0–20 సెం.మీ.: 5, 75, 20
ఈ, 20–28 సెం.మీ.: 5, 77, 18
బీటీ1, 28–60 సెం.మీ.: 4, 64, 32
బీటీ2, 60–85 సెం.మీ.: 7, 65, 28
2బీటీ3, 85–105 సెం.మీ.: 32, 38, 30
2సీ, 105–150 సెం.మీ.: 38, 42, 20

బంక వరుసను మాత్రమే చూడండి. 18 నుంచి 32కు పెద్ద గంతు 28 సెం.మీ. దగ్గర ఉంది; 85 సెం.మీ. దగ్గర 28 నుంచి 30కి మారడం వేళ్లకు తెలియనే తెలియదు. ఇప్పుడు బంక రహిత ఇసుక చూడండి. ఏపీలో 5ను 80తో భాగిస్తే సుమారు 6 శాతం, బీటీ1లో 4ను 68తో భాగిస్తే మళ్లీ సుమారు 6, బీటీ2లో దాదాపు 10. ఆ కింద 2బీటీ3లో 32ను 70తో భాగిస్తే 46 శాతానికి ఎగబాకింది, 2సీలో దాదాపు 48. అతుకు 85 సెం.మీ. దగ్గర ఉందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. పొర పేరు ముందు వేసిన 2 అన్న అంకె చెప్పేది ఇదే: ఇక్కడి నుంచి రెండవ మాతృ పదార్థం మొదలైంది. మొదటి పదార్థానికి 1 అని రాయడం ఆనవాయితీ కాదు.

బీటీ2లో ఇసుక కొద్దిగా పెరగడాన్ని గమనించారా? అతుకు కత్తితో కోసినట్టు ఉండడం అరుదు. చెట్లు కూలి వేళ్లతో సహా మట్టిని పైకి లేపడం, బొరియలు తవ్వే జంతువులు, గడ్డకట్టి కరిగే నేల కదలిక, ఇవన్నీ కింది ఇసుకను కొంత పైకి కలుపుతాయి. కాబట్టి ఒక్క గులకరాయి కనబడగానే అతుకు వచ్చిందని రాయకండి. అతుకు వెంట గులకరాళ్లు వరుసగా పరిచినట్టు కనబడితే మాత్రం దానిని ప్రత్యేకంగా నమోదు చేయండి. లోయస్ పడకముందు టిల్ ఉపరితలం కొంతకాలం కోతకు గురై, సన్నని మట్టి కొట్టుకుపోయి రాళ్లు మిగిలాయని దానికి అర్థం కావచ్చు.

పొలంలో ప్రయోగశాల అంకెలు చేతిలో ఉండవు కదా అంటారు. వేళ్లు చాలు. ఒండ్రు పొడిగా ఉంటే పిండిలా, తడిపితే సబ్బులా జారుతూ తగులుతుంది, బంకలా అంటుకోదు. లోయస్ పొరలో మట్టి ఎంత జిగురుగా ఉన్నా, దానిని బాగా నీళ్లతో పలుచన చేసి అరచేతిలో రుద్దితే గరుకుతనం దాదాపు తగలదు. అతుకు దాటగానే అదే జిగురు మట్టిలో ఇసుక రేణువులు గరగరలాడతాయి. జిగురును పక్కన పెట్టి గరుకును మాత్రమే వినడం అలవాటు చేసుకోవాలి.

ఈ కోతలో నురగ 105 సెం.మీ. దగ్గర మొదలైందనీ, బూడిదరంగు మచ్చలు 70 సెం.మీ. దగ్గర మొదలయ్యాయనీ అనుకుందాం. అంటే సున్నం గీత అతుకుకు 20 సెం.మీ. కింద ఉంది: నీరు లోయస్ మొత్తాన్నీ, టిల్ పైభాగాన్నీ కడిగింది. తడి గీత అతుకుకు 15 సెం.మీ. పైన ఉంది: దిగుతున్న నీరు దట్టమైన టిల్ దగ్గర ఆగి, దాని మీద తాత్కాలికంగా నిలిచి, గాలి అందని స్థితిలో ఇనుమును కరిగించి జరిపింది. మూడు గీతలు మూడు లోతుల్లో ఉండి, మూడు వేర్వేరు సంగతులు చెబుతున్నాయి.

లోయస్ మందమే ఈ నేల విలువను కూడా చాలావరకు నిర్ణయిస్తుంది. ఒండ్రు గరప (గరప అంటే ఇసుక, ఒండ్రు, బంక మూడూ కలిసిన మట్టి; ఇక్కడ ఒండ్రు ఎక్కువ) తన మందంలో సుమారు ఐదో వంతు నీటిని మొక్కకు అందేలా పట్టి ఉంచగలదు. 85 సెం.మీ. మందం అంటే సుమారు 17 సెం.మీ. నీటి నిల్వ. కింది టిల్ ఆ లెక్కకు పెద్దగా చేర్చదు, వేళ్లు అక్కడికి చేరడమే కష్టం. అయితే అదే ఒండ్రుకు వాన చినుకుల దెబ్బను తట్టుకునే శక్తి తక్కువ, వాలులో తేలికగా కొట్టుకుపోతుంది.

పేరు పెట్టడం

ముందు పొరల తరగతులు. ఏపీ, ఈ ఒండ్రు గరప; బీటీ1, బీటీ2 ఒండ్రు బంక గరప; 2బీటీ3 బంక గరప; 2సీ గరప. దీనిలో కష్టమేమీ లేదు, రెండవ పాఠంలోని త్రిభుజాన్ని దగ్గర పెట్టుకుంటే చాలు.

తరువాత మొత్తం నేలకు పేరు. బీటీ1లో బంక, పైన ఉన్న ఈ పొరలోని బంకకు 1.2 రెట్లకు మించి ఉంది, పూతలు కూడా కనబడుతున్నాయి, కనుక ఇది ఆర్జిలిక్ పొర, అంటే పైనుంచి దిగిన బంక పేరుకున్న పొర. పైపొర రంగు తడిగా ఉన్నప్పుడు మన్సెల్ రంగుల పట్టికలో 10 వై.ఆర్. 4/3 (గీతకు ముందున్న అంకె తగ్గే కొద్దీ రంగు నల్లబడుతుంది), అంటే గడ్డి మైదానాల కింద ఏర్పడే మోలిసాల్‌కు కావలసినంత నల్లగా లేదు. లోతులో క్షార సంతృప్తత (మట్టి పట్టి ఉంచుకునే అయాన్లలో కాల్షియం, మెగ్నీషియం వంటి క్షారాల వాటా) 35 శాతానికి పైగా ఉందని అనుకుంటే ఇది ఆల్ఫిసాల్, అడవి కింద ఏర్పడిన నేలల్లో ఇక్కడ తరచుగా కనిపించే వర్గం. తేమ ఏడాది పొడవునా దాదాపు సరిపోయే వాతావరణం కనుక ఉడాల్ఫ్, ప్రత్యేక లక్షణాలు వేరే లేనందున హాప్లుడాల్ఫ్. మామూలు సంవత్సరాల్లో 100 సెం.మీ. లోపల ఏదో ఒక పొర వరుసగా 20 రోజులు గాని, మొత్తం మీద 30 రోజులు గాని నీటితో నిండి ఉంటే దాని ముందు ఆక్సీఅక్విక్ అన్న మాట చేరుతుంది. బూడిద మచ్చలు ఆర్జిలిక్ పొర పై 25 సెం.మీ. లోనే కనబడి ఉంటే అక్విక్ అని రాయవలసి వచ్చేది.

చివరిది కుటుంబం, అంటే వర్గీకరణలో రేణువుల పాళ్లను కూడా లెక్కలోకి తీసుకునే మెట్టు, పేరు; అతుకు ప్రభావం సూటిగా కనిపించేది ఇక్కడే. మన ఆర్జిలిక్ పొర 50 సెం.మీ. కంటే మందం కనుక దాని పై 50 సెం.మీ., అంటే 28 నుంచి 78 సెం.మీ. వరకు, సగటు తీయాలి. బంక సగటు 30.6 శాతం, ఇసుక సగటు 5 శాతం. బంక 18–35 మధ్య ఉండి, 0.1 మి.మీ. కంటే ముతకవి 15 శాతం లోపు ఉంటే ఫైన్-సిల్టీ. మనది అదే.

ఇప్పుడు అదే చోట లోయస్ 40 సెం.మీ. మాత్రమే ఉందనుకోండి, 28 నుంచి 40 వరకు బీటీ1, ఆ కింద 78 దాటేవరకు 2బీటీ3. బంక సగటు 30.5 శాతం, అంటే మార్పే లేదు. ఇసుక సగటు మాత్రం 25 శాతానికి చేరింది. అందులో 0.1 మి.మీ. కంటే సన్నని భాగాన్ని తీసివేసినా మిగిలినది 15 దాటితే పేరు ఫైన్-లోమీ అవుతుంది. ఇండియానా రాష్ట్ర ప్రతినిధి నేలగా పేరున్న మయామి ఇటువంటిదే. దానిలో లోయస్ 46 సెం.మీ. వరకే ఉంటుంది, అందుకే పైన లోయస్ ఉన్న నేలే అయినా అది ఫైన్-లోమీ కుటుంబంలో ఉంది.

అభ్యాసం

ఐదవ పాఠంలో ఇంజినీర్ల వర్గీకరణకు వెళ్లే ముందు ఈ కోతను మీరే చదవండి. 0–30 సెం.మీ.: 6, 70, 24, రంగు 10 వై.ఆర్. 2/1. 30–70: 5, 60, 35, ఆర్జిలిక్ పొర ఇక్కడ మొదలైంది, 35 నుంచి బూడిద మచ్చలు. 70–95: 9, 59, 32, పూతలు ఇంకా ఉన్నాయి, 80 నుంచి నురగ. 95–140: 30, 42, 28, నురగ, గులకరాళ్లు.

మూడు గీతలూ గీయండి. ఇక్కడ సున్నం గీత అతుకుకు పైన ఎందుకు ఉందో, దానిని బట్టి లోయస్ గురించి ఏమి తెలుస్తుందో రాయండి. ఆ తరువాత 30 నుంచి 80 సెం.మీ. వరకు బంక సగటు తీసి, ప్రయోగశాల బంకను నిజానికంటే ఒక్క శాతం తక్కువగా చూపి ఉంటే అసలు కుటుంబం పేరు ఏమవ్వాలో చెప్పండి. 35 శాతం దగ్గర ఫైన్ అనే వేరే తరగతి మొదలవుతుందని గుర్తుంచుకోండి.