ఎస్3 లింకు 403 అంటోందా? ముందే కీ మార్చేయకండి

సమస్య: "సిగ్నేచర్ డజ్ నాట్ మ్యాచ్"

అమెజాన్ ఎస్3 (ఫైళ్లు దాచుకునే క్లౌడ్ సర్వీసు)లోని ఫైలుకు సీక్రెట్ కీతో సంతకం చేసి, గడువున్న లింకు ఇస్తాం. ఆ సంతకం సరిపోలలేదని సర్వర్ 403 (అనుమతి లేదు)తో చెప్పే ఎర్రర్ ఇది. చూడగానే ఆ కీ పాడైందనుకుంటాం. నేనూ టెన్షన్‌లో రెండు కొత్త కీలు తయారు చేశాకే ఆ ఎర్రర్‌తో వచ్చిన ఎక్స్ఎంఎల్ జవాబు పూర్తిగా చదివాను. మనం పంపిన రిక్వెస్టును సర్వర్ ఎలా చదువుకుందో అందులో "కెనానికల్ రిక్వెస్ట్" దగ్గర వరసగా ఉంటుంది. బోటో3 (ఎస్3తో పనిచేసే పైథాన్ లైబ్రరీ)లో సెట్_స్ట్రీమ్_లాగర్‌ను "బోటోకోర్" పేరుతో ఆన్ చేస్తే మనవైపుదీ కనిపిస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, తేడా ఉన్న లైనే దొంగ.

నాకు దొరికింది ఫైలు పేరులో. "మార్చి బిల్లు" మధ్యలోని ఖాళీని లైబ్రరీ %20 అని రాసింది, బాగానే ఉంది. ఆ లింకును మా ఫ్రంటెండ్ కోడ్ మళ్లీ ఎన్‌కోడ్ చేసింది, అది %2520 అయి కూర్చుంది. సంతకం అయ్యాక లింకును ముట్టుకోకూడదు. సంతకం కోడ్ మీరే రాసుకుంటే ఖాళీకి + పెట్టే ఫంక్షన్ వాడకండి.

పేరు బాగానే ఉంటే కంటెంట్-టైప్ (ఫైలు ఏ రకమో చెప్పే హెడర్) చూడండి. సంతకంలో "ఇమేజ్/జేపీఈజీ" అని చేర్చి, అప్‌లోడ్‌లో "ఇమేజ్/జేపీజీ" పంపితే ఒప్పుకోదు.

సమస్య: "రిక్వెస్ట్ టైమ్ టూ స్క్యూడ్"

మీ గడియారానికీ సర్వర్‌కీ 15 నిమిషాలకు మించి తేడా ఉంది. ఎన్‌టీపీ (నెట్ ద్వారా గడియారం సరిచేసే పద్ధతి) సింక్ చేస్తే సరి. తేడా సరిగ్గా ఐదున్నర గంటలుంటే మాత్రం తప్పు గడియారానిది కాదు, మన టైముకే యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ముద్ర వేసిన కోడ్‌ది.

సమస్య: రీజియన్ తప్పు అంటోంది

ఏ రీజియన్ (ఫైళ్లున్న డేటా సెంటర్ల ప్రాంతం) కావాలో జవాబులోనే ఉంటుంది, క్లయింట్‌లో అదే ఇవ్వండి. హైదరాబాద్‌ది ఏపీ-సౌత్-2, ముంబైది ఏపీ-సౌత్-1. (ఇక్కడ ఏపీ అంటే ఆసియా పసిఫిక్. మన ఏపీ కాదు!) హైదరాబాద్ రీజియన్‌ను ముందు అకౌంట్‌లో ఆన్ చేసుకోవాలి.

సమస్య: 7 రోజులకని ఇచ్చిన లింకు కొద్ది గంటలకే చచ్చిపోయింది

7 రోజులు, అంటే 604800 సెకన్లు, గరిష్ఠ పరిమితి. కానీ రోల్ (కొంతసేపటికే అనుమతులిచ్చే ఏర్పాటు) ద్వారా వచ్చిన తాత్కాలిక కీతో సంతకం చేస్తే ఆ టోకెన్ గడువుతోనే లింకూ పోతుంది. లింకును ముందే చేసి దాచకుండా, యూజర్ నొక్కినప్పుడు అప్పటికప్పుడు తయారు చేసి ఇవ్వండి.